రాజా మెడలో బిళ్ళ



కుక్క మెడలో ఏ పరికరం కట్టాలో చెప్పడానికి ఒక పాస్టరు కలం పట్టడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. 2024 దీపావళికి ముందు మాతో ఎవరైనా ఈ మాట అని ఉంటే మేమూ నవ్వి ఊరుకునేవారమే. ఇప్పుడు నవ్వలేము. మా ఇంట జరిగినది చెబుతాము. ఇంటి ముందు కుక్కో, దొడ్లో గేదో ఉన్నవారికి, ఇంటిలో వయసు మళ్ళిన పెద్దలు ఉన్నవారికి ఇందులో కొంతైనా పనికి వస్తుందని మా ఆశ.

మేముండేది బాపట్ల జిల్లాలో, కొమ్మమూరు కాలువకు దగ్గరలో ఉన్న ఒక పల్లె. 2022 ఏప్రిల్ వరకు ఇదంతా గుంటూరు జిల్లాయే. ఇంటిలో మేమిద్దరము, ఇంటరు చదివే అమ్మాయి, ఎనిమిదవ తరగతి అబ్బాయి, మా నాన్నగారు. ఆరవవాడు రాజా. వాడు నాటుకుక్క. 2020లో లాక్‌డౌన్ రోజులలో మందిరం మెట్ల కింద వణుకుతూ దొరికిన పిల్ల. ఒళ్ళంతా మట్టిరంగు, తోక చివర మాత్రం తెలుపు. తూకం 14 కిలోలు. ఈ తూకం మాకెందుకు తెలియవలసి వచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి రిటైరైనవారు. ఊరంతా మాస్టారు అంటారు. అప్పటికి వారికి 79 సంవత్సరాలు. రెండేళ్ళుగా మరుపు పట్టుకుంది. పొద్దున ఏమి తిన్నారో మధ్యాహ్నానికి గుర్తుండదు గాని, 1974లో తన దగ్గర చదివిన పిల్లల హాజరు పట్టీ మాత్రం మొదటి పేరు నుండి చివరి పేరు దాకా అప్పజెబుతారు. ఉదయం, సాయంత్రం డొంక వెంట నడక వారికి అలవాటు. రాజా వెంట ఉంటాడు. నాన్నగారు కుక్కను తిప్పుకొస్తున్నారని మేమనుకునేవారము. నిజానికి కుక్కే వారిని ఇంటికి చేరుస్తున్నదని మాకు తట్టలేదు.

ఆ సంవత్సరం దీపావళి అక్టోబరు 31న వచ్చింది. చీకటి పడగానే మా వీధి చివర టపాకాయల వాన మొదలైంది. రాజాకు మొదటినుండి ఆ చప్పుడు పడదు. మంచం కింద దూరి వణుకుతాడు. ఆ రాత్రి పెరటి తలుపు గడియ వేయడం మరిచాము. లక్ష్మీ బాంబు ఒకటి గోడ పక్కనే పేలింది. రాజా ఒక్క ఉరుకున పెరట్లోనుంచి చేలలోకి పరుగెత్తాడు. పిల్లలు కేకలు వేస్తూ కొంతదూరం పోయి తిరిగి వచ్చారు. పొద్దున్నకు అదే వస్తుందిలే అనుకున్నాము.

తొమ్మిదిన్నరకు మా శ్రీమతి పాలు తీసుకుని నాన్నగారి గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

తప్పిపోయిన గొర్రెను గూర్చి మేము ఎన్ని పర్యాయాలు బోధించామో లెక్క లేదు. వెదకడమంటే ఎంత నడకో, ఎంత భయమో ఆ రాత్రే తెలిసింది. ఇరుగుపొరుగు టార్చిలైట్లు పట్టుకుని వచ్చారు. కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద నాలుగు దిక్కులా వెళ్ళారు. దీపావళి రాత్రి గనుక ఎవరు పిలిచినా ఆ మోతలో ఎవరికీ వినబడదు. పదకొండున్నరకు కాలువ లాకుల దగ్గర, నీటికి రెండు మెట్ల పైన నాన్నగారు నిలబడి ఉన్నారు. పాదాలు ముళ్ళతో గీరుకుపోయాయి. చీకటిలోకి చూస్తూ "రాజా, రాజా" అని పిలుస్తున్నారు. మమ్మును చూసి, "అబ్బాయీ, వాడు ఇంకా ఇంటికి రాలేదురా" అన్నారు.

రాజా నాలుగు రోజులకు దొరికాడు. గాజులు అమ్ముకునే మా సంఘపు సోదరి ఒకామె తొమ్మిది కిలోమీటర్ల అవతల ఒక ఊరి టీకొట్టు ముందు తాడుతో కట్టి ఉన్న కుక్క తోక చివర తెలుపు చూసి గుర్తుపట్టింది. మేము వెళ్ళాము. ఆ టీకొట్టాయన మంచివాడు. నాలుగు రోజులూ రొట్టెలు పెట్టి కాపాడాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు: "మెడలో పట్టీ ఉంది గాని దాని మీద ఏమీ లేదు. ఒక నంబరుంటే ఆ రాత్రే ఫోను చేసేవాణ్ణి గదయ్యా!"

ఆ మాట మాకు చెంపదెబ్బ వంటిది. ఎర్రని తోలుపట్టీ ముచ్చటపడి కొన్నాము. దాని మీద పది అంకెలు వ్రాయించాలన్న ఆలోచన నాలుగేళ్ళలో ఒక్కనాడూ రాలేదు.

ఇంటికి వచ్చిన మరునాడు నుండి సలహాలు మొదలైనవి. పక్కింటి రైతు తన గేదె చెవికున్న పసుపుపచ్చ బిళ్ళ చూపించి, "ఇటువంటిది పెట్టించండి అయ్యగారూ, పన్నెండంకెల నంబరుంటుంది, ప్రభుత్వంవారి లెక్కలో ఉంటుంది" అన్నాడు. ఆ బిళ్ళ మంచిదే. ఆ నంబరును బట్టి గేదె ఎవరిది, ఏ టీకాలు పడ్డాయి అనేవి పశువుల ఆసుపత్రివారు కంప్యూటరులో చూడగలరు. అయితే అది పాడిపశువుల కోసం ఏర్పరచినది. పైగా గేదె ఎటు పోయిందో అది చెప్పదు.

రాజాకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు పశువుల డాక్టరుగారిని అడిగాము. వారు మైక్రోచిప్ సంగతి చెప్పారు. అది బియ్యపు గింజంత ఉంటుంది. సూదితో భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. దానికి బ్యాటరీ లేదు, కుక్క బ్రతికినంత కాలం ఉంటుంది. చదివే యంత్రాన్ని వీపు దగ్గరగా పెడితే పదిహేను అంకెల నంబరు కనబడుతుంది. ఆ నంబరు ఎవరి పేర నమోదైతే కుక్క వారిది. పట్టీ ఊడిపోవచ్చు, ఎవరైనా తీసివేయవచ్చు, చిప్‌ను మాత్రం తీయలేరు. ఖరీదైన జాతికుక్కలు పెంచేవారికి, కుక్కను విదేశాలకు తీసుకుపోయేవారికి అది చాలా అవసరం. కాని డాక్టరుగారే నవ్వి, "ఆ యంత్రం మీ టీకొట్టాయన దగ్గర ఉండదు కదండీ. ఇది కుక్క ఎవరిదో చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు" అన్నారు. మేమూ అప్పటిదాకా అలాగే అనుకున్నాము.

మేకలు కాసే ఒక పెద్దమ్మ మాత్రం, "ఇవన్నీ ఎందుకు నాయనా, మెడలో గంట కట్టు" అన్నది. నవ్వకండి. ఆ సలహా విన్నాము. రాత్రి పెరట్లో నుంచి కుక్క కదిలితే చప్పుడవుతుంది. గంటకు చార్జింగు అక్కరలేదు. వినబడేంత దూరం దాటితే మాత్రం పనికిరాదు.

మొదట బిళ్ళ చేయించాము. బాపట్లలో పేరు పలకలు చెక్కే ఒకాయన 120 రూపాయలకు ఇత్తడి బిళ్ళ మీద "రాజా" అని, కింద మాది, మా శ్రీమతిది ఫోను నంబర్లు రెండూ తెలుగు, ఇంగ్లీషు అక్షరాలలో చెక్కి ఇచ్చాడు. ఒకే నంబరు వ్రాయించవద్దని మా మనవి. కూటాలలో ఉన్నప్పుడు మా ఫోను కట్టివేసి ఉంటుంది. ఆ వేళకే ఎవరైనా పిలవవచ్చును.

బిళ్ళ కట్టిన సాయంత్రం ఇంటిలో ఒక సంగతి జరిగింది. దానికి ముందు ఒక మాట చెప్పాలి. దీపావళి తరువాత నాన్నగారి మెడలో పేరు, నంబరు ఉన్న కార్డు వేయబోయాము. వారు రెండు రోజులు ఊరుకుని మూడవనాడు తీసి బల్ల మీద విసిరారు. "నేనేమన్నా పార్సిలునట్రా?" అన్నారు. పట్నం నుండి వచ్చిన చుట్టమొకాయన, "చొక్కా మడతలో చిన్న ట్యాగు పెట్టి కుట్టెయ్యండి, ఆయనకు తెలియనే తెలియదు" అని సలహా ఇచ్చాడు. మాకు ఆ ఉపాయం బాగానే కనబడింది. మా శ్రీమతి ఒప్పుకోలేదు. "మామయ్యగారికి చెప్పకుండా వారి బట్టల్లో ఏదీ కుట్టను. ఈ ఇంట్లో పిల్లలకు అబద్ధం చెప్పవద్దని నేర్పింది వారే" అన్నది. మేము మారు మాట్లాడలేదు. మరుపు వచ్చిన మనిషికి మర్యాద కూడా మరుపు వచ్చిందనుకోవడం తప్పు.

ఆ సాయంత్రం అబ్బాయి రాజా మెడలో ఇత్తడి బిళ్ళ తగిలించి, "తాతయ్యా, వీడిప్పుడు బిళ్ళబంట్రోతు!" అన్నాడు. నాన్నగారు రాజాను దగ్గరకు తీసి బిళ్ళ మీద అక్షరాలు వ్రేలితో తడుముతూ చదివారు. పంతులు గనుక ముందుగా అక్షరదోషాలు చూశారు. తరువాత తలెత్తి, "మరి నాదేదిరా?" అన్నారు.

మేమెవ్వరమూ మాట్లాడలేకపోయాము. మరునాడే అటువంటి బిళ్ళ ఇంకొకటి చేయించాము. "మాస్టారు" అని పెద్ద అక్షరాలు, కింద అవే నంబర్లు. నల్లదారానికి కట్టి మెడలో వేసుకున్నారు. ఆనాటి నుండి తీయలేదు.

బిళ్ళ ఒక పని చేస్తుంది. మనిషి కంటబడితేనే అది మాట్లాడుతుంది. చేలల్లో, కాలువగట్టు మీద ఎవరూ లేని చోట ఏమి చేయాలి? ఆ దిగులు తీరలేదు. నాన్నగారు ఎక్కడికి వెళ్ళినా రాజా వెంట ఉంటాడు గనుక, రాజా ఎక్కడున్నాడో తెలిస్తే వారూ తెలుస్తారు. ఈసారి ఆ సంగతి నాన్నగారికి చెప్పే చేశాము. "మంచిదే, వాడికి బుద్ధి తక్కువ, తప్పిపోతాడు" అన్నారు.

ఇక్కడ మేము చేసిన పొరపాటు దాచము. అబ్బాయి ఫోనులో 700 రూపాయలకు ఒక బిళ్ళ చూపించాడు. పెట్టె మీద జీపీఎస్ అని పెద్ద అక్షరాలున్నాయి. సంబరంగా తెప్పించాము. అబ్బాయి రాజాను తీసుకుని చెరువు అవతలికి వెళ్ళి దాక్కున్నాడు. మేము ఇంటిలో ఫోను చూస్తున్నాము. అరగంట గడిచినా ఫోను మాత్రం కుక్క ఇంటి దగ్గరే ఉన్నదని చూపిస్తున్నది! అది జీపీఎస్ కాదు, బ్లూటూత్ బిళ్ళ. తాళంచెవులు, సంచులు పోగొట్టుకోకుండా పెట్టుకునేది. మన ఫోనుకు కొన్ని గజాల దూరంలో ఉన్నంతవరకే దానితో మాట. దాటితే చివరిసారి ఎక్కడ కనబడిందో అదే చూపిస్తుంది.

2021లో ఆపిల్ కంపెనీవారు విడుదల చేసిన ఎయిర్‌ట్యాగ్ కూడా బ్లూటూత్ జాతిదే. అయితే దానికొక వెసులుబాటు ఉంది. దారినపోయే ఎవరి ఐఫోనైనా దానికి దగ్గరగా వస్తే, ఆ ఫోను తన యజమానికి కూడా తెలియకుండా ఆ చోటును మనకు అందజేస్తుంది. చిన్న గుండ్రటి బ్యాటరీ ఏడాది దాకా వస్తుంది, నెల చందా లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లవారికి కూడా ఇటువంటి ఏర్పాటును గూగుల్‌వారు 2024లో తెచ్చారు. హైదరాబాదులో, బెంగుళూరులో అపార్టుమెంటులో కుక్కను పెంచేవారికి ఇది చాలవరకు ఉపయోగపడుతుంది. వీధి నిండా ఫోనులే కదా! మా ఊరిలో ఐఫోన్లు ఎన్నని అమ్మాయి లెక్కపెట్టింది. పండుగకు ఊరికొచ్చిన ఒక కుర్రవాడి దగ్గర ఒకటి తేలింది. పంట చేలో ఆ ఒక్కటీ ఉండదు. ఆ బిళ్ళ వస్తువుల కోసమే గాని జంతువుల కోసం కాదని తయారుచేసినవారే చెప్పి ఉన్నారు.

నిజమైన జీపీఎస్ పరికరం వేరు. దీని గూర్చి మాకొక అపోహ ఉండేది, మీలోనూ కొందరికి ఉండవచ్చును. ఉపగ్రహం పైనుండి కుక్కను చూస్తున్నదని మేమనుకున్నాము. ఉపగ్రహానికి మన కుక్క సంగతే తెలియదు. భూమికి 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ అది కాలం చెబుతూ పోతుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, మెడలోని పరికరమే తానెక్కడున్నదో లెక్క కట్టుకుంటుంది. ఆరుబయట ఆ లెక్క కొద్ది మీటర్ల తేడాతో సరిపోతుంది. రేకుల కప్పు కింద, స్లాబు గదిలో తప్పుతుంది. ఆ లెక్కను మనకు చేరవేయడానికి పరికరంలో సిమ్‌కార్డు ఉండాలి, అక్కడ సెల్‌టవరు అందాలి. అంటే ఆకాశం కనబడాలి, టవరు అందాలి, బ్యాటరీ మిగిలి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఫోనులో చుక్క కదలదు.

సిమ్ము విషయంలో ఒక జాగ్రత్త. చవక పరికరాలలో కొన్ని 2జీ మీదనే పనిచేస్తాయి. జియోవారికి 2జీ లేదు. మా ఇంటిలో అన్నీ జియో ఫోన్లే. మరొక కంపెనీ సిమ్ము వేద్దామంటే మా చేల వైపు దాని సిగ్నలు అందదు. అందుచేత కొనక ముందు అబ్బాయి, అమ్మాయి రెండు మూడు కంపెనీల ఫోన్లు అడిగి పుచ్చుకుని, నాన్నగారు నడిచే డొంక వెంట నడిచి ఎక్కడెక్కడ సిగ్నలు ఉన్నదో కాగితం మీద గీసుకుని వచ్చారు. దుకాణంవారు చెప్పే ఏ మాట కన్నా ఆ కాగితమే మాకు ఎక్కువ ఉపకారం చేసింది.

తరువాత మెడ సంగతి. అడవి జంతువులకు కాలరు వేసే శాస్త్రజ్ఞులు, కాలరు బరువు జంతువు బరువులో నూటికి మూడు నుండి ఐదు వంతులు మించకూడదని ఒక లెక్క పెట్టుకుంటారు. అందుకే రాజాను ఎరువుల దుకాణం కాటా మీద నిలబెట్టాము. మేము చూసిన పరికరం 40 గ్రాములకు లోపే. 14 కిలోల కుక్కకు అది బరువు కాదు. చిన్న పిల్లికో, కుక్కపిల్లకో అయితే ఈ లెక్క తప్పక చూసుకోవాలి. పట్టీ కింద రెండు వ్రేళ్ళు దూరాలి. తడిసిన పట్టీ అలాగే వదిలివేయకూడదు. ఆఫ్రికా నుండి మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చిన చీతాలకు కాలర్లు వేసిన సంగతి మీరు వార్తల్లో విని ఉంటారు. 2023 వానాకాలంలో కొన్నింటికి కాలరు కింద పుండ్లు కనబడగా, కాలర్లు తీసి పరీక్షించవలసి వచ్చింది. అంతటి జంతువుకే అలాగైతే కాలువలో దూకే మా రాజా ఎంత? కనుక నీటికి ఆగుతుందా అనేదీ అడిగాము. పెట్టె మీద ఐపీ 67 అని ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థమట.

ఇక డబ్బు. మాకు తగినది అనుకున్న పరికరం 4,600 రూపాయలు. అందులోని సిమ్ముకు ఏడాదికి 1,500 చందా. మా జీతం ఎంతో మీకు తెలుసును. మా శ్రీమతి కళ్ళజోడు మార్చడానికి దాచిన మొత్తం అల్మారాలో ఉంది. "కళ్ళజోడు ఆగుతుంది" అన్నది ఆమె. సువార్త పనికి ఇవ్వవలసిన డబ్బు కుక్క మెడకు కడుతున్నామా అనే బాధ కూడా మాకు లేకపోలేదు. పది రోజులు ఏమీ తేల్చలేదు. చివరకు మా బావమరిది సంగతి విని సగం పంపించాడు. మిగిలిన సగం మూడు నెలలలో తీర్చాము. కళ్ళజోడు కూడా వచ్చింది, కొంత ఆలస్యంగా.

కొన్న తరువాత తెలిసినది ఒకటుంది. చార్జింగు! తరచుగా చోటు చెప్పమంటే బ్యాటరీ రెండు రోజులకే అయిపోతుంది. పది నిమిషాలకొకసారి చాలు అంటే నాలుగు రోజులు వస్తుంది. మొదటి నెలలో రెండు సార్లు అది చచ్చిపోయిన సంగతి మేమెవ్వరమూ చూసుకోలేదు. అప్పుడు అబ్బాయి క్యాలెండరు మీద గీతలు పెట్టాడు. బుధవారం, శనివారం రాత్రి భోజనాల వేళ పట్టీ విప్పి, మెడ తుడిచి, పరికరం చార్జింగుకు పెట్టి, పొద్దున కట్టడం వాడి పని. ఇత్తడి బిళ్ళ మాత్రం వేరే దారానికి రాత్రింబగళ్ళు ఉంటుంది. చార్జింగు పెట్టే మనిషి ఎవరో ముందుగా తేలని ఇంట ఈ పరికరం కొనవద్దని మా సలహా.

ఫోనులో మన ఇంటి చుట్టూ ఒక గీత గీసుకునే ఏర్పాటు ఉంది. కుక్క ఆ గీత దాటితే ఫోను మోగుతుంది. మేము లాకుల ఇవతలే గీత గీశాము.

2025 ఫిబ్రవరిలో ఒకనాడు ఉదయం పదింటికి అమ్మాయి ఫోను మోగింది. మేము ఒక ఇంట ప్రార్థనలో ఉన్నాము. అమ్మాయి పరుగున వచ్చింది. నాన్నగారు, రాజా ఇంటిలో లేరు. చుక్క లాకుల వైపు గాక, పడమటి డొంక మీద ఉంది. మోటారు సైకిలు తీసి బయలుదేరాము. అమ్మాయి వెనుక కూర్చుని చుక్క చూసి చెబుతున్నది. నాలుగు కిలోమీటర్లు పోయాక చుక్క ఆగిపోయింది. ఆ ప్రాంతంలో సిగ్నలు లేదని పిల్లలు గీసిన కాగితంలో ముందే ఉంది. ఎటు పోవాలి? ఎదుట రెండు దారులు. ఆ చుక్క చివరిగా నిలిచిన చోటు నుండి ఏ దారి ఎక్కడికి పోతుందని ఆలోచిస్తూ ఉండగా మాకు ఒక సంగతి తట్టింది. ఎడమ దారిలో ఇంకో రెండు కిలోమీటర్లు పోతే నాన్నగారు ఇరవై రెండేళ్ళు పనిచేసిన పాత బడి వస్తుంది.

అటు తిప్పామో లేదో మా ఫోను మోగింది. ఎవరో స్త్రీ. "అయ్యా, మాస్టారని ఒక పెద్దాయన మా వీధి బడి అరుగు మీద కూర్చున్నారు. కుక్క కూడా ఉంది. మీ నంబరు ఉంది" అన్నది.

మేము వెళ్ళేటప్పటికి నాన్నగారు అరుగు మీద మజ్జిగ త్రాగుతున్నారు. రాజా కాళ్ళ దగ్గర పడుకుని నాలుక చాపి రొప్పుతున్నాడు. ఆ తల్లికి కృతజ్ఞతలు చెప్పి, కుక్క మెడలో నంబరు చూశారా అని అడిగాము. ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదయ్యా, కుక్క దగ్గరకు పోవాలంటే నాకు భయం. ఏ ఊరు తాతా అని అడిగితే కాసేపు ఆలోచించారు. చెప్పలేకపోయారు. తరువాత మెడలో బిళ్ళ పైకెత్తి పట్టుకుని, ఇందులో వ్రాసి ఉంది, చదువమ్మా అన్నారు" అన్నది.

ప్రియ పాఠకులారా, ఏ పరికరం మంచిదని అడిగేవారికి మేము పేరు చెప్పము. కొన్ని ప్రశ్నలు చెబుతాము. మీ జంతువు ఎందుకు, ఎటు పోతుంది? అక్కడ ఆకాశము, టవరు అందుతాయా? దాని మెడ ఎంత బరువు మోయగలదు? ప్రతి మూడవ రోజు చార్జింగు పెట్టేది ఎవరు? అది పనిచేయని రోజున మీకు ఫోను చేయడానికి దాని మెడలో ఏమి వ్రాసి ఉంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు 120 రూపాయలు. ముందుగా అది చేయించండి. మిగిలినవి శక్తి కొలది, అవసరం కొలది. మెడలో ఏమీ వ్రాసి లేని కుక్క మీ వాకిట్లోకి వస్తే, ఆ టీకొట్టాయన వలె ఒక రొట్టె వేసి కట్టి ఉంచండి. దాని కోసం ఎక్కడో ఎవరో చీకటిలో పిలుస్తూ ఉంటారు.

ఆనాడు తిరుగుప్రయాణంలో నాన్నగారు మోటారు సైకిలు మీద మా వెనుక కూర్చున్నారు. అమ్మాయి రాజాతో పాటు ఆ ఊరి ఆటోలో వచ్చింది. లాకుల దగ్గరకు రాగానే నాన్నగారు మా భుజం తట్టి, "అబ్బాయీ, రాజా వెనక వస్తున్నాడా?" అని అడిగారు.

"వస్తున్నాడు నాన్నగారూ" అన్నాము.